సుందర్బన్ జాతీయ ఉద్యానవనం: మంచినీరు రాని మడ అడవిని హద్దు ఒక్కటే కాపాడగలదా?

కోరంగి తీరం:

అందరికీ నమస్కారం. మాది కాకినాడకు దక్షిణంగా, కోరంగి అభయారణ్యం అంచున ఉన్న పల్లె. మా తాతగారి కాలం నుంచీ ఇంట్లో వలా పడవా ఉన్నాయి కనుక మడ అడవి మాకు కొత్త కాదు. ఈ మాఘమాసంలో కుటుంబంతో కలకత్తా వెళ్ళి, గోద్‌ఖాలి రేవులో పడవ ఎక్కి, సుందర్బన్ జాతీయ ఉద్యానవనంలో రెండు రోజులు తిరిగి వచ్చాము. సజ్నేఖాలి, సుధన్యఖాలి, దోబాంకి చూశాము. పులి కనిపించలేదు కానీ, పాటు తీసినప్పుడు నిలువెత్తు బురదగోడలా బయటపడిన ఏటిగట్టు మీద, పులి దిగి నీళ్ళలోకి వెళ్ళిన అడుగుల వరుస చూశాను. ఒక్కొక్క అడుగు గుంటలోనూ నీరు నిలిచి ఉంది. అవతలి గట్టు మీద అదే వరుస పైకి ఎక్కి పొదల్లో కలిసిపోయింది.

నాకు రెండు సందేహాలు మిగిలాయి. సుందరి చెట్ల వల్లనే ఆ అడవికి ఆ పేరు వచ్చిందంటారు. అయితే మేము తిరిగిన పాయల వెంట సుందరి చెట్టును వేలు పెట్టి చూపించడానికి మార్గదర్శికి చాలాసేపు పట్టింది. ఎక్కడ చూసినా మా దగ్గరి తిల్ల, మడ వంటి చెట్లే, అవీ పొట్టిగా ఉన్నాయి. ఇది ఎందువల్ల? రెండవది, మా పడవ సరంగు అన్నగారు పీతలు పట్టడానికి వెళ్ళి పులి నోటపడి చనిపోయారట. నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్ళారన్న కారణంతో ఆ కుటుంబానికి పరిహారం అందలేదట. ఆ మాట విన్న పూట నాకు అన్నం సహించలేదు. అడవిని కాపాడే పద్ధతి ఇలా హద్దు గీసి మనుషులను ఆపడం ఒక్కటేనా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని అడుగుతున్నాను.

ఖరగ్‌పూర్ తెలుగు:

మా తాతగారు రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారు. మా మిత్రుల ఊరు గోసాబా కావడంతో ఇరవై ఏళ్ళుగా ఆ దీవులకు వెళ్ళి వస్తున్నాను. మీ మొదటి సందేహానికి జవాబు అడవిలో లేదు, ఎగువన ఉంది.

సుందర్బన్ మొత్తం సుమారు 10,000 చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు 60 శాతం బంగ్లాదేశ్‌లోనూ, 40 శాతం మన దేశంలోనూ ఉంది. మనవైపు 102 దీవులు ఉండగా 54 దీవుల్లో ఊళ్ళు ఉన్నాయి, తక్కినవి అడవి. 1973లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన 2,585 చదరపు కిలోమీటర్లలో 1,330 చదరపు కిలోమీటర్లను 1984లో జాతీయ ఉద్యానవనం చేశారు. 1987లో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2019లో మనవైపు సుందర్బన్‌ను రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. ఒక అడవికి ఇన్ని రక్షణలు దొరకడం అరుదు. అయినా అక్కడి సుందరి చెట్టుకు కావలసిన మంచినీరు ఈ ప్రకటనల్లో దేనితోనూ రాలేదు.

పదహారవ శతాబ్దం నుంచి గంగ ప్రధాన ప్రవాహం క్రమంగా తూర్పుకు జరిగి పద్మానదిలోకి మళ్ళింది. పడమటి డెల్టాలోని పాయలు ఒక్కొక్కటిగా తల్లినదితో తెగిపోయాయి. మీరు దాటిన బిద్యాధరి, మాత్లా నదులు చూడటానికి సముద్రమంత వెడల్పు, కానీ వాటికి ఎగువ నుంచి మంచినీరు దాదాపు రాదు. పోటుకు సముద్రం లోపలికి వస్తుంది, పాటుకు అదే నీరు వెనక్కి పోతుంది. అందువల్ల మనవైపు మధ్యభాగంలో ఉప్పు ఎక్కువ. బంగ్లాదేశ్ తూర్పుభాగంలో ఇంకా మంచినీరు కలుస్తోంది కనుక అక్కడ సుందరి ఎత్తుగా, గుంపులుగా పెరుగుతుంది.

మడ ఆకు:

నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీవిరమణ చేశాను. పై వివరణకు చెట్టువైపు నుంచి కొంత చేరుస్తాను.

మడ చెట్లన్నీ ఉప్పును ఒకే విధంగా తట్టుకోవు. నల్లమడ, తెల్లమడ ఆకులకు ఉప్పును బయటికి పంపే గ్రంథులు ఉంటాయి. ఎండవేళ తెల్లమడ ఆకు కోసి నాలుకకు తాకించి చూడండి, ఉప్పగా తగులుతుంది. ఉదయం మంచు ఆరిన తరువాత ఆకు మీద సన్నని తెల్లటి పలుకులు కంటికే కనిపిస్తాయి. మా విద్యార్థులను కోరంగి తీసుకువెళ్ళిన ప్రతిసారీ మొదట ఈ పని చేయించేదాన్ని. ఆ రుచి చూసిన పిల్లవాడికి ఉప్పును విసర్జించడం అంటే ఏమిటో మళ్ళీ చెప్పనక్కరలేదు. ఉప్పుపొన్న పద్ధతి వేరు. అది వేళ్ళ దగ్గరే చాలావరకు ఉప్పును వడగట్టేస్తుంది. దాని కాయ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా పొడవుగా దిగి, రాలినప్పుడు బురదలో గుచ్చుకుంటుంది.

సుందరికి ఇంత ఓర్పు లేదు. దాని మొదలు చుట్టూ పలకల్లాంటి వేళ్ళు, బురద పైకి మేకుల్లా పొడుచుకువచ్చిన శ్వాసవేళ్ళు చూస్తే ఇది అచ్చమైన మడ చెట్టే అనిపిస్తుంది. కానీ అది నది నీరు కలిసిన చప్పటి ఉప్పునీటికి అలవాటుపడిన చెట్టు. ఉప్పు పెరిగితే ఎదుగుదల మందగిస్తుంది. బంగ్లాదేశ్ వైపు కొన్ని దశాబ్దాలుగా సుందరి చెట్లు కొన నుంచి కిందికి ఎండిపోతున్నాయి. దానికి కారణాలుగా చెప్పేవాటిలో ఉప్పు పెరగడం ముఖ్యమైనది. సుందరి తగ్గిన చోట మీరు చూసిన తిల్ల, మడ జాతులు, వాటితో పాటు గరాన్ అనే మరో మడ చెట్టు ముందుకు వస్తాయి. (తిల్ల పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పడవ మీద నుంచి చేయి చాచి కొమ్మ విరిచే అలవాటు ఉన్నవారు దయచేసి గుర్తుంచుకోండి.) పైనుంచి తీసిన బొమ్మలో అడవి అంతే పచ్చగా కనిపిస్తుంది కనుక, ఏ చెట్టు పోయి ఏ చెట్టు వచ్చిందన్నది విస్తీర్ణం లెక్కల్లో తేలదు. నాకు బాధ కలిగించేది ఇదే.

పులి జాడ:

పెద్దలు చెప్పినదంతా నిజమే అయినా, హద్దును తక్కువ చేసి మాట్లాడటం నాకు సమ్మతం కాదు. 1973కు ముందు ఆ అడవి కలప కోతకు, వేటకు తెరిచి ఉండేది. జావా ఖడ్గమృగం, అడవిదున్న, చిత్తడి దుప్పి ఒకప్పుడు అక్కడ ఉండేవి, ఇప్పుడు లేవు. పులి కూడా వాటి వెంటే పోయి ఉండేది. 2018 గణనలో మనవైపు 88 పులులు ఉన్నట్లు తేలింది, 2022లో ఆ సంఖ్య సుమారు 100కు చేరింది. మడ అడవిలో ఇన్ని పులులు బతుకుతున్న చోటు ప్రపంచంలో మరొకటి లేదు.

పీతల కోసం, తేనె కోసం లోపలికి వెళ్ళేవారి కష్టం నాకూ తెలుసు. అయినా అన్ని దీవుల్లోనూ మనుషులే తిరిగితే ఎలా? పులి పిల్లలను పెట్టుకునేందుకు ఒక మూల మిగలాలి కదా. ఊళ్ళ అంచున నైలాను వలల కంచె కట్టిన తరువాత పులి ఊళ్ళలోకి రావడం బాగా తగ్గింది. అంటే హద్దు మనిషికీ మేలు చేసింది. ఇక్కడ ఉన్నవారిలో ఎవరైనా మనుషులు వెళ్ళకూడని ఆ ప్రధాన ప్రాంతాన్ని తెరవాలని కోరుతున్నారా అన్నది స్పష్టంగా చెప్పవలసిందిగా మనవి.

ఖరగ్‌పూర్ తెలుగు:

పులి జాడ గారూ, తెరవాలని నేను అనను. మీరు చెప్పిన మేలు నిజం. కానీ నిషిద్ధ ప్రాంతంలోకి వెళ్ళేవారు ఎందుకు వెళ్తున్నారో చూడాలి.

మన డెల్టాలో మండపీతను ఎలా పడతారో కోరంగి వారికి తెలిసే ఉంటుంది. సుందర్బన్‌లో పొడవాటి తాడుకు జానెడు జానెడు దూరంలో చేపముక్కలు కట్టి సన్నని పాయలో పరుస్తారు. ఇద్దరు ముగ్గురు చిన్న పడవలో కూర్చుని, ఒకరు తాడును మెల్లగా పైకి లాగుతుంటే, ముక్కను పట్టుకుని వచ్చిన పీత నీటి పైకి తేలేలోగా మరొకరు గరిటెవలతో అందుకుంటారు. కళ్ళు తాడు మీదే ఉంటాయి, వీపు గట్టు వైపు ఉంటుంది. పాయ ఎంత సన్నగా ఉంటే పీత అంత దండిగా దొరుకుతుంది, గట్టు కూడా అంత దగ్గరగా ఉంటుంది. హెంతాల్ అనే ఈతజాతి పొదల్లో పులి పడుకుని ఉంటే పది అడుగుల దూరంలో కూడా కనబడదు. 1980ల చివర పులి వెనుకనుంచే దూకుతుందని తెలిసి, మనిషి ముఖం ముసుగులను తల వెనుకకు కట్టుకుని తేనెకు వెళ్ళారు. కొంతకాలం ఫలితం కనిపించింది కూడా.

ఇంత తెలిసీ వెళ్తున్నారంటే, ఇంటిదగ్గర పొలం పండక వెళ్తున్నారు. ఐలా తుఫాను తరువాత ఇది నేను కళ్ళారా చూశాను. 2009 మే 25న వచ్చిన ఆ తుఫానుకు కరకట్టలు తెగి ఉప్పునీరు పొలాల్లోకి, చెరువుల్లోకి చేరింది. మా మిత్రుల ఇంటి వెనుక చెరువులో చేపలన్నీ వెల్లకిలా తేలాయి. వరి రెండు మూడేళ్ళు సరిగా పండలేదు. ఆ ఇంటి ఇద్దరు కుమారులు దక్షిణాదికి కూలిపనికి వెళ్ళిపోయారు. వెళ్ళలేని మూడోవాడు పీతల తాడు పట్టాడు.

పరిహారం విషయంలో ఒక మార్పు వచ్చింది. 2023లో కలకత్తా హైకోర్టు, పులి దాడిలో భర్తను కోల్పోయిన ఒక మహిళ వేసిన వ్యాజ్యంలో, మరణం నిషిద్ధ ప్రాంతంలో జరిగిందన్న కారణంతో పరిహారం నిరాకరించడం సరికాదని, 5 లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. కోరంగి తీరం గారూ, ఆ సరంగు కుటుంబానికి ఈ సంగతి తెలుసో లేదో ఒకసారి కనుక్కోండి.

డెల్టా ఇంజనీరు:

నీటిపారుదల శాఖలో గోదావరి డెల్టాలో పనిచేసినవాణ్ణి. కరకట్ట మాట వచ్చింది కనుక చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది కరకట్టను గోడలాగా ఊహిస్తారు.

సుందర్బన్‌లో మనుషులు ఉండే దీవుల చుట్టూ సుమారు 3,500 కిలోమీటర్ల మట్టికట్ట ఉంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర అడవి నరికి సాగుకు ఇవ్వడం మొదలైనప్పటి నుంచి ఈ కట్టలు వేస్తూ వచ్చారు. నది ప్రతి పోటుకూ తెచ్చే ఒండ్రు దీవి మీద పరుచుకుని నేలను కొంచెం కొంచెంగా ఎత్తు చేయాలి. డెల్టా పుట్టుక అదే. దీవి ఇంకా ఎదగకముందే కట్ట వేస్తే ఒండ్రు లోపలికి రాదు. అది నది అడుగునే పేరుకుని నది మెరక అవుతుంది, కట్ట లోపలి నేల మాత్రం పల్లంగానే ఉండిపోతుంది. అందువల్ల అక్కడ ఎన్నో ఊళ్ళు పోటునీటి మట్టం కంటే కిందనే ఉన్నాయి. పోటుపాటుల మధ్య తేడా అక్కడ 4, 5 మీటర్ల దాకా ఉంటుంది. కాకినాడ దగ్గర అది 2 మీటర్లు దాటదు. రోజుకు రెండుసార్లు ఇంత నీరు ఎక్కి దిగుతుంటే మట్టికట్ట పాదం కోసుకుపోక తప్పదు. కట్ట ముందర మడ ఒక వరుస ఉన్నచోట అల విరిగి కట్ట నిలుస్తుంది. మడ లేనిచోట ఎంత మట్టి పోసినా పై ఏడాది మళ్ళీ పోయవలసిందే.

మన గోదావరి కథ కూడా దీనికి దూరం కాదు. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో ధవళేశ్వరం వద్ద పూర్తయింది. దానివల్లనే మనం అన్నం తింటున్నాం, నా జీతమూ అందులోంచే వచ్చింది, ఆ ఋణం నేను మరిచిపోను. అయితే వేసవిలో ఆనకట్ట దిగువకు వెళ్ళే నీరు ఎంత తగ్గిపోతుందో, సముద్రపు ఉప్పు పాయల్లోకి ఎంత పైకి ఎక్కివస్తుందో ఆ పనిలో ఉన్న నాకు తెలుసు. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజి ప్రారంభమైంది. కలకత్తా రేవు కోసం హుగ్లీలోకి నీరు మళ్ళించడం దాని ఉద్దేశం. హుగ్లీకి నీరు వచ్చింది, కానీ వేసవిలో బంగ్లాదేశ్ వైపు పాయలకు తగ్గింది. ఆ నీటి పంపకం మీద రెండు దేశాలు 1996 డిసెంబరులో 30 ఏళ్ళకు ఒప్పందం చేసుకున్నాయి. అడవికి కూడా ఒక వాటా ఉండాలన్న మాట ఇటువంటి ఒప్పందాల్లో గట్టిగా వినబడాలని నా కోరిక.

సీలేరు గట్టు:

ఒక చరిత్ర ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుందని రాస్తున్నాను. మా ప్రాంతానికి ఆనుకుని ఒడిశాలో ఉన్న మల్కనగిరిలో, దండకారణ్య పథకం కింద తూర్పు బెంగాల్ కాందిశీకులను స్థిరపరిచారు. వరి, నది, చేప తప్ప తెలియని వారికి ఆ రాతినేల ఏమాత్రం కొరుకుడుపడలేదు. 1978లో దండకారణ్యం శిబిరాల నుంచి వేలమంది బయలుదేరి సుందర్బన్ అంచున మరిచ్‌ఝాపి దీవికి చేరి, తామే కట్టలు వేసుకుని, బడి కట్టుకుని, ఊరు నిలబెట్టుకున్నారు. అది రిజర్వు అడవి అన్న కారణంతో 1979 జనవరిలో దీవిని దిగ్బంధించి, మే నెలలో అందరినీ బలవంతంగా వెళ్ళగొట్టారు. ఎంతమంది చనిపోయారన్న విషయంలో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. మనుషుల కంటే పులే ఎక్కువా అన్న ప్రశ్న ఆ దీవుల్లో ఎందుకు అంత వేడిగా వస్తుందో ఈ సంగతి తెలిస్తే అర్థమవుతుంది. 2025లో పులుల అభయారణ్యాన్ని మరో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా పెంచడానికి ఆమోదం వచ్చినప్పుడు మత్స్యకారులు భయపడటానికి వెనుక ఈ జ్ఞాపకం కూడా ఉంది.

పులి జాడ:

సీలేరు గట్టు గారికి కృతజ్ఞతలు. ఇది నాకు ఇంత వివరంగా తెలియదు. నేను హద్దు అవసరమన్న మాట మీదే ఉన్నాను. అయితే హద్దు గీసేవారు అక్కడి మనుషులతో కూర్చుని గీయాలని, ఇప్పటికే పడవ అనుమతి ఉన్నవారి జీవనోపాధికి ముందే ఏర్పాటు చేయాలని కూడా ఇప్పుడు ఒప్పుకుంటాను. మరో మాట. బోన్‌బీబీని తలుచుకోకుండా అక్కడ హిందువు గాని ముస్లిము గాని అడవిలో కాలు పెట్టరని విన్నాను. ఇది నిజమేనా?

ఖరగ్‌పూర్ తెలుగు:

నిజమే. బోన్‌బీబీ అడవితల్లి. పులి రూపంలో తిరిగే దక్షిణరాయ్ నుంచి దుఖే అనే పేదపిల్లవాణ్ణి ఆమె కాపాడిన కథను ప్రతి ఏటా ఊళ్ళలో ప్రదర్శిస్తారు. తేనె, మైనం మీద ఆశతో దుఖేను అడవిలో వదిలేసి వచ్చినవాడు అతని బంధువే. కథలో తల్లి దక్షిణరాయ్‌ని చంపదు, అడవిలో ఎవరి భాగం ఎంతో తేల్చి పంపుతుంది. అవసరానికి మించి తీసుకోకూడదు, మురికి మనసుతో లోపలికి రాకూడదు అన్నవి అక్కడి నియమాలు. తేనెకు వెళ్ళే ఒక పెద్దాయన పట్టును మొత్తం కోయకుండా పిల్ల ఈగలు ఉన్న భాగాన్ని కొమ్మకే వదిలేయడం నేను చూశాను. ఎవరూ చెప్పకుండానే అలా చేశాడు.

మన కోరంగికీ మాత్లా నదికీ ఉన్న ఒక పాత సంబంధం కూడా చెబుతాను. 1839లో కోరంగిని ముంచిన తుఫాను వంటివాటిని అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో ఉండేవాడు. సైక్లోన్ అన్న మాట పుట్టించింది ఆయనే. మాత్లా ఒడ్డున కానింగ్ రేవు కట్టబోతున్నారని తెలిసి, అక్కడ ఉప్పెన వస్తుందని 1853లోనే హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. రేవు కట్టారు. 1867 తుఫానుకు అది పాడైపోయింది. మీరు గోద్‌ఖాలి వెళ్ళే దారిలో దాటిన కానింగ్ ఊరు అదే.

మడ ఆకు:

కోరంగి పేరు మళ్ళీ వచ్చింది కనుక మన అనుభవం ఒకటి చెబుతాను. ఎక్కడ బురద కనబడితే అక్కడ మొక్కలు గుచ్చి ఫోటోలు తీసుకునే కార్యక్రమాలు చాలా చూశాను. రెండేళ్ళకు అక్కడ కర్రలే మిగులుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్ళు కలిసి చేసిన పద్ధతి వేరు. నేల ఎందుకు చౌడుబారిందో ముందు చూశారు. పోటునీరు లోపలికి వచ్చి నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుంటోందని గమనించి, ఒక తల్లి కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు, చేపముల్లు ఆకారంలో తవ్వారు. నీరు వచ్చి పోవడం మొదలైన తరువాత గట్ల వెంట తెల్లమడ నాటారు. కాలువలో పూడిక తీయడం ఊరివాళ్ళ బాధ్యత. నీటికి దారి ఇచ్చిన తరువాత మడ తానే విత్తనం తెచ్చుకుంటుంది. సుందర్బన్‌లో తుఫాను తరువాత నాటే మొక్కలకూ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం.

కోరంగి తీరం:

ఇన్ని సంగతులు ఓపికగా రాసిన అందరికీ నమస్కారాలు. మడ ఆకు గారూ, మీరు చెప్పిన కాలువల పనికి మా నాన్నగారు కూలికి వెళ్ళారు. ఆ చేపముల్లు కాలువలో ఇప్పుడు మా పిల్లలు గేలం వేస్తున్నారు. అక్కడ నాటినప్పుడు మోకాలెత్తు ఉన్న మడ కింద ఇప్పుడు పడవ కట్టుకుంటున్నాం.

నిన్న ఆ సరంగుకు ఫోన్ చేశాను. హైకోర్టు తీర్పు సంగతి వారికి తెలియదు. అన్నగారి దగ్గర పడవ అనుమతి పత్రం ఉండేదట, అది భద్రంగా ఉంది. శవం దొరకలేదు కనుక శవపరీక్ష కాగితం లేదు. పంచాయతీ ఇచ్చిన ధ్రువపత్రం, అప్పుడు తోడు వెళ్ళిన ఇద్దరు మనుషులు ఉన్నారు. వదినగారికి చదువు రాదు, కానింగ్ దాకా వెళ్ళి అడిగే దిక్కు లేదని అన్నారు. ఇక్కడినుంచి నేను చేయగలిగింది తక్కువ.

ఖరగ్‌పూర్ తెలుగు:

ఆ కాగితాలను ఫోటో తీసి నాకు విడిగా పంపమనండి. వచ్చే నెల మొదటి వారంలో గోసాబా వెళ్తున్నాను. అక్కడ ఇలాంటి దరఖాస్తులు రాసిపెట్టే న్యాయవాది ఒకరు మా మిత్రులకు తెలుసు. తోడు వెళ్ళిన ఆ ఇద్దరినీ ఆ రోజు ఊళ్ళోనే ఉండమని చెప్పండి. వదినగారు కానింగ్ రానక్కరలేదు, నేనే వారి ఇంటికి వస్తాను.